ఆ రెండు కుక్కల కథను మా పిల్లలకు తెలుగులో ఇప్పించండి

విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

పలమనేరు పక్క ఒక హైస్కూల్లో తెలుగు చెప్తుంటాను. మా టీచర్ల నుంచి మీకు అర్జీ వచ్చిందంటే బదిలీలో, బకాయిలో అయ్యుంటాయి. నాది ఒక నవల గురించి.

విల్సన్ రాల్స్ అనే అమెరికా రచయిత రాసిన 'వేర్ ద రెడ్ ఫెర్న్ గ్రోస్' 1961లో వచ్చింది. ఓక్లహోమా కొండల్లో బిల్లీ అనే పేదరైతు కొడుక్కి వేటకుక్కల పిచ్చి. ఇంట్లో కొనిచ్చే స్తోమత లేదు. చేపలు పట్టేవాళ్లకు ఎరలు, కూరగాయలు అమ్మి, అడవిపండ్లు కోసి, రేకుడబ్బాలో దాచి రెండేళ్లకు 50 డాలర్లు కూడబెడతాడు. ఇంట్లో చెప్పకుండా టౌనుకు నడిచిపోయి రెండు కూనల్ని గోనెసంచిలో తెచ్చుకుంటాడు.

నిరుడు ఎనిమిదో తరగతికి చివరి పీరియడ్లో ఈ కథ చెప్పాను. కూనల తలలు బయటికుండేలా సంచికి రెండు బొక్కలు పెట్టాడని చెప్పగానే, గొర్రెలోళ్ల పిల్లోడొకడు వెనక బెంచీలోంచి లేచాడు. "మా అబ్బ గూడా సంతనుంచి అట్లే తెచ్చినాడు సార్!" అంతకుముందు క్లాసులో వాడి గొంతు నేను విన్నది హాజరు పిలిచినప్పుడే. వాడి కుక్కలు తరిమిన రకూన్ (చెట్లెక్కే చిన్న అడవి జంతువు) ఎక్కిన పెద్ద చెట్టును బిల్లీ చేతులు బొబ్బలెక్కేలా రోజుల తరబడి నరికే చోట కావాలనే కథ ఆపాను. మర్నాడు పొద్దున్నే వాడు గేటు దగ్గర కాపేశాడు. "చెట్టు పడిందా సార్?"

చివర్లో ఒక కుక్క ప్యూమాతో (అమెరికా కొండల్లో ఉండే పెద్దపిల్లి) కలబడి చచ్చిపోతుంది. రెండోది ఆ బెంగతో తిండి మానేసి దాని గోరీ మీదే ప్రాణం విడుస్తుంది. ఆ రోజు బెల్లు కొట్టినా ఎవరూ సంచి భుజానికెత్తలేదు.

పుస్తకం ఇయ్యమని అడిగారు. నా దగ్గరున్నది ఇంగ్లిష్‌ది, వాళ్లకు కొరుకుడు పడదు. మీ శాఖ పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురుపేజీ తెలుగు వేస్తోంది కదా. హక్కుదారుల అనుమతి తీసుకుని ఈ నవలనూ అలాగే వేయించి, బడి లైబ్రరీలకు పంపండి.

వేట కథ పిల్లలకెందుకని మీ అధికారులు అనొచ్చు. మాది కౌండిన్య అభయారణ్యం దాపు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం సంగతి, కుందేలుకు ఉచ్చు వేసినా కేసేనన్న సంగతి మా పిల్లలకు బాగా తెలుసు. "రకూన్ మాత్రం పాపం కాదా సార్?" అని ఒక పాప లేవదీస్తే ఆ పీరియడంతా కొట్లాటే. అంత బాగా జరిగిన తెలుగు క్లాసు నాకు ఇంకోటి గుర్తులేదు.

రాల్స్ పెళ్లికి ముందు తన రాతప్రతులన్నీ సిగ్గుతో తగలబెట్టేశాడు. భార్య పట్టుబట్టి మళ్లీ రాయించింది. అంత కష్టంమీద మిగిలిన పుస్తకానికి దయచేసి అధ్యాయం చివర బిట్లు, 'నీతి' తగిలించకండి.

అనువాదానికి మనిషి కావాలంటే వేసవి సెలవుల్లో నేను కూర్చుంటాను. కుక్కల సంగతుల్లో మాటలు తట్టకపోతే అడగడానికి ఆ గొర్రెలోళ్ల పిల్లోడున్నాడు.

ఇట్లు,
చిత్తూరు జిల్లా తెలుగు ఉపాధ్యాయుడు