పేరుతో పాటు దొరికే చోటు కూడా వేయండి

సంపాదకులకు నమస్కారం.

ఈ ఆదివారం అనుబంధంలో మీరు వేసిన ఏడాది సాహిత్య సమీక్షను పెన్సిలు పట్టుకుని చదివాను. కథా సంపుటాలు, నవలలు, కవితా సంకలనాలు, అనువాదాలు, పేజీ నిండా పేర్లే. చదివినవాటికి టిక్కు పెట్టుకుంటూ పోతే పెన్సిలుకు పెద్దగా పని పడలేదు. తక్కినవి ఎందుకు చదవలేదని ఆలోచిస్తే, నా బద్ధకం కొంత ఉన్నా అసలు కారణం వేరే ఉంది. వాటిలో చాలా పుస్తకాలు తిరుపతిలో నా కంటపడనే లేదు.

నేను రైల్వే స్టేషనుకు దగ్గర్లో ఒక లాడ్జిలో రాత్రి డ్యూటీ చేసే గుమాస్తాను. వయసు ఇరవై ఆరు. కథలు రాస్తాను, ఒకటీ అరా అచ్చయ్యాయి. అర్ధరాత్రి దాటాక గదులన్నీ సర్దుమణుగుతాయి. తెల్లవారుజామున హైదరాబాదు రైళ్లు దిగేదాకా కౌంటరు దగ్గర నేనూ, గోడమీద పటంలో స్వామీ తప్ప ఎవరూ ఉండరు. నా చదువూ రాతా ఆ వేళల్లోనే.

తిరుపతిలో పుస్తకం దొరకదంటే బయటివాళ్లు నమ్మరు. 1954 నాటి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఉంది, 1983లో వచ్చిన మహిళా విశ్వవిద్యాలయం ఉంది, సంస్కృతానికి విడిగా ఇంకొకటి ఉంది. తితిదే విక్రయశాలలో పోతన భాగవతం తాత్పర్యంతో సహా దొరుకుతుంది. నేనూ కొనుక్కున్నాను. పై గదులవాళ్లకు నిద్రాభంగమని పెదవులు కదుపుతూ చదువుతాను. పొడుగాటి వాక్యం ఎక్కడ ఊపిరి పీల్చుకోవాలో ఆ పద్యాలు నేర్పినట్టు ఏ పాఠమూ నేర్పలేదు. భక్తి పుస్తకాలకు మా ఊళ్లో లోటు లేదు, పోటీ పరీక్షల పుస్తకాలకు అసలే లేదు. లోటంతా కథకూ నవలకూ వచ్చింది.

మధురాంతకం రాజారాం గారి సంగతే చూడండి. పాకాల పక్కన దామలచెరువులో ఉపాధ్యాయుడిగా పనిచేస్తూ వందల కథలు రాశారు. 1993లో ఆయనకు కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయన కుమారుడు నరేంద్ర గారు మా శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనే ఇంగ్లీషు పాఠాలు చెప్పినవారు. 2022లో అదే పురస్కారం ఆయన నవలకు దక్కింది. ఒకే ఇంట్లో తండ్రికీ కొడుకుకూ ఆ గౌరవం దక్కడం ఏ జిల్లాకైనా గొప్పే. ఇక్కడ బస్సెక్కితే రెండు గంటలు కూడా పట్టని ఊరి రచయిత రాజారాం గారి కథలు కావాలని ఒక దుకాణంలో అడిగితే, ఆ దుకాణం పెద్దమనిషి కళ్లద్దాలు సవరించుకుని “ఏ పరీక్షకు బాబూ?” అన్నాడు. ఎగతాళికి కాదు, నిజంగానే అడిగాడు. చివరికి ఆ సంపుటం మా లాడ్జికి వచ్చిపోయే ఒక విశ్రాంత ఉపాధ్యాయుడి సంచీలోంచి నాకు చేరింది. “చదివి ఇచ్చెయ్యి నాయనా, ఇది మా ఇంట్లో మిగిలిన ఒకే ఒక్క ప్రతి” అని ఒకటికి రెండుసార్లు చెప్పి మరీ ఇచ్చారు.

ఆ పుస్తకం నా రాతలో ఏం మార్చిందో చెప్పాలి. లాడ్జి రిజిస్టరులో ‘వచ్చిన పని’ అని ఒక గడి ఉంటుంది. అందులో రాసేవాళ్లంతా ‘దర్శనం’ అనే రాస్తారు. చాలామంది అదీ రాయరు, పై వరుసలో ఏముందో చూడకుండా ‘పైదే’ అన్నట్టు రెండు చుక్కలు పెట్టేస్తారు. ఈ వేసవిలో ఒక రాత్రి ఒక పెద్దాయన ఆ గడిలో ‘కొడుకును వెతకడానికి’ అని గుండ్రటి అక్షరాలతో రాశాడు. గది అద్దె విని, “మంచం ఒక్కటుంటే చాలు నాయనా” అని డార్మిటరీలోకి వెళ్లిపోయాడు. ఆయన వెనకే భార్యాభర్తలు, గుండు చేయించిన చంటిపిల్లవాడితో వచ్చారు. ఆ భర్త తొందర తొందరగా పేరూ ఊరూ రాసి, పెద్దాయన వాక్యం కింద రెండు చుక్కలు పెట్టి తాళంచెవి తీసుకున్నాడు.

ఆ చుక్కల మీద నేనొక కథ రాశాను. అదే రోజుల్లో రాజారాం గారి కథలు చదువుతున్నాను. ఆయన మనుషులు బాధలో ఉన్నప్పుడు బాధ గురించి తక్కువ మాట్లాడుకుంటారని, చేతిలో ఉన్న పని గురించి ఎక్కువ మాట్లాడుకుంటారని నాకు అనిపించింది. నా కథలో పెద్దాయన చేత కూడా మంచం అద్దె గురించీ, ఇడ్లీ ధర గురించీ, అలిపిరికి మొదటి బస్సు ఎన్నింటికన్నదాని గురించీ మాట్లాడించాను. కొడుకు మాట ఆయన ఎత్తడు. ఈ ఏడాది నేను రాసినవాటిలో పదిమందికి చూపించదగ్గది అదొక్కటే. అది ప్రస్తుతం ఒక పత్రిక కార్యాలయంలో ఉంది. ‘నా సొంత రచన, ఇంకెక్కడా ప్రచురితం కాలేదు’ అని హామీపత్రం జతచేసి, అడిగినట్టే యూనికోడ్‌లో పంపాను. మూడు నెలల్లో కబురు రాకపోతే రాలేదనుకోవాలట. ఒక్క వాక్యం జవాబు రాస్తే వాళ్ల సొమ్మేం పోతుందో! మీ పత్రికను అనడం లేదు, మీకు నేనింకా ఏమీ పంపలేదు.

పుస్తకం ఊళ్లో దొరకకపోతే తెప్పించుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. తెప్పించుకున్నాను కూడా. కానీ 2024 డిసెంబరు 18న తపాలా శాఖ రిజిస్టర్డ్ బుక్ పోస్టును ఎత్తేసింది. అయిదు కిలోల పుస్తకాలు దేశంలో ఏ మూలకైనా 80 రూపాయలకు చేర్చిన సదుపాయం అది. సొంత డబ్బుతో పుస్తకం వేసుకుని, ఇంట్లో మంచం కింద కట్టలు పేర్చుకుని, అడిగినవారికి తామే పంపుకునే రచయితలకు అదే ఆధారం. దాని స్థానంలో ఈ ఏడాది మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ వచ్చింది. 300 గ్రాములకు 20 రూపాయలు మొదలుకొని అయిదు కిలోలకు 100 రూపాయల వరకు, పన్నులు అదనం. ధర న్యాయంగానే ఉంది. అయితే అది చదువుకు, సమాజానికి, సంస్కృతికి, మతానికి సంబంధించిన పుస్తకాల కోసం, వాణిజ్య ప్రచురణలకు వర్తించదు. కథల సంపుటం ఏ కోవలోకి వస్తుందంటారు? నన్నడిగితే, కథలు రాసి ఇల్లు కట్టినవాణ్ని ఇంతవరకు చూడలేదు కాబట్టి వ్యాపారం మాత్రం కాదంటాను. ఈ పథకం ఉందని ఎంతమంది రచయితలకు తెలుసో గాని, మీరు ఒక్కసారి నాలుగు వాక్యాల్లో వేస్తే చాలామందికి మేలు.

ఇక గ్రంథాలయం. 1960 నాటి చట్టం ప్రకారం ఆస్తి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్నుగా కడుతున్నాం. నవంబరు 14 నుంచి 20 వరకు వారోత్సవాలు, ఉపన్యాసాలు మామూలే. నేను వెళ్లే గ్రంథాలయంలో ఈ ఏడాది 16,347 పోస్టుల డీఎస్సీ ప్రకటన వచ్చాక కుర్చీ దొరకడం గగనమైంది. డీఎస్సీ పిల్లలను నేను తప్పుపట్టను. నా స్నేహితుడు ఒకడు అక్కడే మెట్లమీద కూర్చుని చదివి పరీక్ష రాశాడు. కాకపోతే వాళ్ల బల్లల కోసం కథల బీరువాలను గోడకు తిప్పి పెట్టారు. తలుపులు గోడవైపు ఉంటే తాళం ఉన్నా లేకపోయినా ఒకటే కదా.

పుస్తకాల పండుగకు విజయవాడ వెళ్దామంటే అది జనవరి మొదటి రోజుల్లో. ఎల్లుండి వైకుంఠ ఏకాదశి. ద్వార దర్శనాలు డిసెంబరు 30 నుంచి జనవరి 8 దాకా. మా మేనేజరును సెలవు అడిగితే, “పుస్తకాలకా? ఈ పది రోజుల్లోనా? ఆ పుస్తకాలేవో ఆషాఢంలో అమ్మమని చెప్పవయ్యా!” అన్నారు. ఆయన మాటా నిజమే, ఆ పది రోజులూ మెట్లమీద పడుకోవడానికి కూడా జనం అడుగుతారు.

కాబట్టి నా మనవి చిన్నది. వచ్చే ఏడాది సమీక్షలో ప్రతి పుస్తకం పేరు పక్కన పేజీలు, ధర, ఎక్కడ దొరుకుతుంది, ఎవరికి ఫోను చేయాలి అన్న నాలుగు ముక్కలు వేయండి. మీ సమీక్షకులకు పుస్తకాలు ఇంటికే వస్తాయి గనుక వాళ్లకు ఈ ఇబ్బంది తోచకపోవడం సహజం. స్థలం చాలదంటే విశేషణాలు తీసేయండి. ‘అద్భుత శిల్పం’, ‘విలక్షణ స్వరం’ వంటివి ఈసారి ఒక్క పేజీలోనే ఎన్నిచోట్ల వచ్చాయో చూడండి. వాటి జాగాలో ఫోను నంబర్లన్నీ పడతాయి. ఇంకొక మాట. ఆ ఏడాది వచ్చిన పుస్తకాలతో పాటు ఆ ఏడాది పాఠకులు చదివిన పుస్తకాలు కూడా అడిగి వేయండి, పాతవైనా సరే. నాలాంటివాడి జాబితాలో సగం పాతవే ఉంటాయి.

ఈలోగా, మీ జాబితాలోని కొత్త కథా సంపుటాలు తిరుపతిలో ఎవరి దగ్గరైనా ఉంటే మీ ద్వారా నాకు తెలియజేయమని కోరుతున్నాను. నా చిరునామా మీకు విడిగా పంపుతున్నాను. అట్ట వేసి చదువుతాను, పేజీ మడవను, సంక్రాంతిలోగా తిరిగి ఇస్తాను.

ఇట్లు,
ఒక కథకుడు,
కొర్లగుంట, తిరుపతి
28 డిసెంబరు 2025