ఆ ఆదివారం రొయ్యల వేపుడు ఎందుకు లేదంటే

మన మెస్సుకు వచ్చే అన్నలకు, అక్కలకు, సార్లకు నమస్కారం.

మాంసం ముట్టని పెరటాసి నెల పోయి కార్తీకం వచ్చేలోపల ఈసారి నాకు మిగిలింది ఒకే ఒక్క ఆదివారం. నెల్లాళ్లు నోరు కట్టుకున్నోళ్లంతా ఆ రోజు రొయ్యల వేపుడు కోసమే వస్తారని తెలుసు. వచ్చినారు. "అయిపోయింది" అని మా పిల్లోడు చెప్పి పంపినాడు. అబద్ధం. అసలు పొయ్యి మీదికే ఎక్కలేదు.

తెల్లారి ఐదుకు 14 కిలోల థర్మాకోల్ పెట్టె వచ్చింది. పైన రెండు వరసలు బాగుండాయి. చెయ్యి లోపలికి పెడితే ఐసు కరిగిన ఎర్రనీళ్లు. ఒక రొయ్యను పట్టుకుంటే తల ఊడి చేతిలోకొచ్చింది, లోపలంతా నలుపు. తెలియక పంపింది కాదు, నేర్పుగా సర్ది పంపింది. అక్కడే ఒళ్లు మండింది. సరుకు పంపినోడికి ఫోన్ చేస్తే "మసాలా పడితే ఏం తెలుస్తుందన్నా" అన్నాడు. మీ ముందర నిలబడి వడ్డించేది నేను, వాడు కాదు. 14 కిలోలూ గుంత తీసి పూడ్చేసినాను.

"రొయ్యల ధర పడిపోయిందంట, నీకేమప్పా కష్టం?" అని ఒక సారు అడిగినారు. పడింది చెరువు గట్టు మీద సార్. 2025 ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతం చేసింది. రొయ్యలకు పాత సుంకాలు కలిసి ఇంకా ఎక్కువైంది. దేశం నుంచి పోయే రొయ్యల్లో 80 శాతం మన రాష్ట్రానివే. భయానికి రైతులు రొయ్య పెరగకముందే చెరువులు పట్టేసినారు, కిలోకు వంద తూగేవి. నాకు కావాల్సింది 40 కౌంటు, అంటే కిలోకు నలభై తూగేవి. వంద కౌంటు వేపితే కరివేపాకే పెద్దగా కనపడుతుంది! నాకు ఆరేళ్లుగా సరుకిస్తున్న వాకాడు వైపు రైతు మూడు చెరువుల్లో రెండు ఎండబెట్టేసినాడు. అందుకే కొత్తోడిని నమ్మినా. ఆ తప్పు నాదే.

ముఖ్యమంత్రి చంద్రబాబు గారు ఆ సెప్టెంబరులో కేంద్రానికి రాసినారు. నష్టం 25,000 కోట్ల దాకా ఉంది, సగం ఆర్డర్లు రద్దయినాయి, అప్పుల వాయిదాలు 240 రోజులు ఆపండి, వడ్డీలో రాయితీ ఇవ్వండి, 5 శాతం జీఎస్టీ కొన్నాళ్లు ఎత్తేయండి అని. మేత ధర కూడా కిలోకు 9 రూపాయలు తగ్గించేట్టు చేసినారు. మంచిదే. ఇవన్నీ మా రైతుకు చెప్తే నవ్వినాడు. "కౌలు చెరువు నాది, బ్యాంకు అప్పుంటే కదా వాయిదా! నా బాకీ మేత షాపులో ఉంది. సముద్రం మీద వేటకు పోయేవాళ్లకు నిషేధం 61 రోజులకు ఈ ఏడు 20,000 వచ్చింది. మా చెరువోళ్లను పలకరించినోళ్లు లేరు" అన్నాడు. ఏం చెప్పాలో తెలీలేదు.

మూడు రాత్రులు నిద్ర పట్టనిది మాత్రం ఇంకో విషయానికి. కోల్డ్ స్టోరేజీ ప్యాకెట్లు తెద్దామని మా పాప అంటుంది. "అమెరికా వాళ్లు తినేదీ అవే కదా నాన్నా." నిజమే. సరిగ్గా గడ్డకట్టించిన రొయ్య ఆ పెట్టెలో సరుకు కన్నా వెయ్యి రెట్లు మేలు. ఒక ప్యాకెట్ తెచ్చి వేపి చూసినా. నీళ్లు వదిలి ఉడికిందేగానీ వేగలేదు. ఇంట్లో అందరూ బాగుందన్నారు. నాకు నచ్చలేదు. మొండితనం అనుకోండి, ప్యాకెట్ పెట్టను.

కార్తీకమంతా ఎప్పట్లాగే శాకాహార భోజనం. పోలి పాడ్యమి దాటిన ఆదివారం నుంచి సంగటి, చేపల పులుసు. బొచ్చె చేపకు ఇబ్బంది లేదు. రొయ్యలు మా రైతు మూడో చెరువు పట్టిన రోజే. రేటు తగ్గించమని అడగొద్దు. గట్టు ధర కన్నా కిలోకు 40 రూపాయలు ఎక్కువిస్తానని ఆయనకు మాటిచ్చినా.

పార్సిల్‌కు ముందే డబ్బు కట్టిన తొమ్మిది మందిలో ఏడుగురు వెనక్కి తీసుకున్నారు. రేణిగుంట రోడ్డు సారు, ఇంకో అక్క మాత్రం "ఉంచుకోప్పా, రొయ్యలొచ్చినప్పుడు చూద్దాం" అన్నారు. ఉంచుకోను. కవర్ల మీద పేర్లు రాసి గల్లాపెట్టెలో పెట్టినా. ఈ వారంలో వచ్చి తీసుకుపోండి.