లైప్‌జిగ్ చర్చి కథ

నిన్న పాత చర్చిల మాట వచ్చింది కదా, నాకు వెంటనే జర్మనీలోని లైప్‌జిగ్ యూనివర్సిటీ చర్చి గుర్తొచ్చింది. 1240లో డొమినికన్ అనే క్యాథలిక్ సన్యాసుల చర్చిగా ప్రారంభమై, 1545లో, క్యాథలిక్ చర్చి నుంచి విడిపోయిన ప్రొటెస్టెంట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన మార్టిన్ లూథర్ చేతుల మీదుగా ప్రొటెస్టెంట్ చర్చి అయింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఊరి మీద బాంబులు పడినా ఇది నిలబడింది, చివరికి పడగొట్టింది మాత్రం సొంత ప్రభుత్వమే! 1968 మే 30న తూర్పు జర్మనీ పాలకులు పేల్చేశారు, సోషలిస్టు యూనివర్సిటీ ప్లాన్‌కి అడ్డొచ్చిందని. మూడు వారాలకు ఒక సంగీత కార్యక్రమంలో, అలారం గడియారంతో దానంతటదే విప్పుకునే బ్యానర్ ఒకటి స్టేజీ మీద దిగింది, మళ్లీ కట్టాలంటూ. ఆ రోజుల్లో అలా చెయ్యాలంటే ఎంత గుండె కావాలో! ఇప్పుడు అదే చోట 2017లో తెరిచిన పౌలీనుమ్ అనే యూనివర్సిటీ భవనం ఉంది, ముందు నుంచి చూస్తే పాత చర్చి పోలికలే.