చెరువు తాంబేలుకూ అదే చట్టం

సంపాదకుల వారికి,

నమస్కారం. పచ్చ సముద్ర తాబేలును 2025 అక్టోబరులో ఐయూసీఎన్ (ప్రకృతి సంరక్షణకు పనిచేసే అంతర్జాతీయ సంస్థ) ‘అంతరించే ప్రమాదం’ జాబితా నుంచి తీసి ‘అంతగా ఆందోళన లేదు’ అన్న వరుసలో చేర్చింది. 1970ల నుంచి ఇప్పటికి వాటి లెక్క దాదాపు 28 శాతం పెరిగిందట. మిర్యాలగూడలో కూర్చున్నోడికి సముద్రం తాబేలుతో ఏం పనంటారేమో! ముప్పై ఏళ్లు బడిలో జీవశాస్త్రం చెప్పినవాణ్ని. తాబేలు సరీసృపమని ఎంత మొత్తుకున్నా పరీక్షలో సగం మంది ‘ఉభయచరం’ అనే రాసేవారు. ఆ బాకీ ఇంకా తీరలేదు నాకు.

ఆ పెరుగుదల ఊరికే రాలేదు. పచ్చ తాబేలు ఈడుకొచ్చి గుడ్లు పెట్టడానికి ఇరవై, ముప్పై ఏళ్లు, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువే పడుతుంది. అంటే ఎనభైల్లో, తొంభైల్లో ఎవరో కాపలా కాసిన గుడ్లలోంచి వచ్చినవే ఇవాళ తీరానికి గుడ్లు పెట్టడానికి వస్తున్నాయి. మన దేశంలో సతీశ్ భాస్కర్ అనే ఆయన 1982 వానకాలమంతా లక్షద్వీప్‌లోని సుహేలి వలియకర అనే నిర్జన దీవిలో ఒక్కడే ఉండి వీటిని గమనించారు. ఆ రోజుల్లో అటు పడవ కూడా పోదు. భార్యకు రాసిన ఉత్తరాన్ని సీసాలో పెట్టి అలల్లోకి విసిరితే, అది శ్రీలంకలో ఒక జాలరికి దొరికి, ఆయన పుణ్యమా అని ఇల్లు చేరింది. పత్రికలకు ఉత్తరాలు రాసే నాబోటివాడికి ఆ సీసా మరుపురాదు.

ఇక మన సంగతి. ఎండాకాలం చెరువు అడుగంటితే మన తాంబేలు ఎక్కడికీ పోదు. బురదలోకి దిగి, వాన పడేదాకా కదలకుండా పడుకుంటుంది. సరిగ్గా అప్పుడే మనం పూడిక తీస్తాం. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు నేనూ మా పొలానికి ఒండ్రు తోలించుకున్నవాణ్నే, ఆ మట్టి మేలు చేయలేదని అనను. కానీ ప్రొక్లెయిన్ బకెట్లో మట్టితోపాటు తాంబేళ్లూ లేచేవి. కొన్ని చితికిపోయేవి, కొన్ని సంచుల్లోకి పోయేవి. నేను చూస్తూ నిలబడ్డాను. అప్పుడు నోరు మెదపలేదు, ఇప్పుడు రాస్తున్నాను.

మొన్న వేసవిలో పక్క ఊరి చెరువు కట్ట మీద ఒకాయన నాలుగింటిని గోనెసంచిలో వేసుకుని పోతున్నాడు. అడిగితే, “తాంబేలే గద సారూ, పులా ఏంది?” అన్నాడు. చట్టం లెక్కన పులికేం తక్కువ కాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులి, పచ్చ సముద్ర తాబేలు, మన చెరువు తాంబేలు మూడూ అన్నిటికన్నా గట్టి రక్షణ ఉండే ఒకటో షెడ్యూల్లోనే ఉన్నాయి. పట్టినా అమ్మినా మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు. ఈ మాట చెబితే ఆయన నన్ను పైనుంచి కింది దాకా చూశాడు. ఆయన్ని ఏమనగలం, ఎవరైనా చెబితే గదా! ఈ సంగతి చెబుదామని ఒక ఆఫీసుకు ఫోన్ చేస్తే ఇంకో ఆఫీసు నంబరిచ్చారు. అక్కడివాళ్లు మళ్లీ మొదటి నంబరే ఇచ్చారు. వాస్తు పేరుతో ఇళ్లలో పెట్టుకునే నక్షత్ర తాబేలు కూడా 2022 సవరణ తర్వాత అదే షెడ్యూల్లోకి వచ్చింది. ఇత్తడి తాబేలు పెట్టుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు.

చెరువులో చేపలన్నీ తాంబేలే తినేస్తుందని కొందరి కోపం. అది నత్తలను, పురుగులను, చచ్చిన చేపలను కూడా తింటుంది. చెరువులో కుళ్లు పేరుకోకుండా చూసే జీవి అది. దానికి జీతం ఇవ్వక్కర్లేదు.

సముద్రంతో మనకు సంబంధం లేకపోలేదు. హైదరాబాద్ మురికినంతా మోసుకొచ్చే మూసీ మన వాడపల్లి దగ్గరే కృష్ణలో కలుస్తుంది. ఆ కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రంలోకి పోతుంది. పులిచింతల దగ్గర, ప్రకాశం బ్యారేజీ దగ్గర కొంత చెత్త ఆగినా, వరదలప్పుడు ఆగేదెంత? ప్లాస్టిక్ సంచి మింగిన సముద్ర తాబేలుకు అది ఏ ఊరి సంచో తెలియదు.

నేను అడిగేది పెద్ద పనేం కాదు. పూడిక పనికి అంచనాలు వేసేటప్పుడే అటవీ శాఖకు ఒక కాగితం పోవాలి. ప్రొక్లెయిన్ దిగే రోజు ఒక మనిషి కట్ట మీద ఉండి, లేచిన తాంబేళ్లను నీళ్లున్న పక్క చెరువుకు చేర్చాలి. దీనికి మన మత్స్య సహకార సంఘాల వాళ్లే సరైనవాళ్లు, వాటిని పట్టుకోవడం వాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. చేపల అంగట్లో శిక్ష ఎంతో తెలుగులో రాసిన బోర్డు ఒకటి పెట్టాలి. మీరు కూడా జిల్లా పేజీలో ఈ తాంబేలు ఫొటో ఒకసారి వేయండి. ఫిబ్రవరిలోపే వేస్తే మేలు, మార్చి వస్తే ప్రొక్లెయిన్లు దిగుతాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా