ఆ బుధవారాలు మళ్లీ రావాలి

సంపాదకులకు,

మా తమ్ముడికి 41 ఏళ్లు. తెనాలి చుట్టుపక్కల పెళ్లి ఊరేగింపుల్లో డోలక్ వాయించేవాడు. వాడికి బైపోలార్ జబ్బు (కొన్నాళ్లు విపరీతమైన ఉత్సాహం, కొన్నాళ్లు తీవ్రమైన దిగులు కలిగించే మానసిక జబ్బు), దాంతోపాటు తాగుడు. డీ-అడిక్షన్ సెంటర్‌కి తీసుకెళ్తే ‘ఇది మెంటల్ కేసమ్మా, మానసిక వైద్యులకి చూపించండి’ అన్నారు. వాళ్ల దగ్గరికి వెళ్తే ‘ముందు తాగుడు మానిపించి తీసుకురండి’ అన్నారు. ఆరేళ్లు అలా తిరిగాం. మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక సమస్యలు కూడా మానసిక అనారోగ్యం కిందికే వస్తాయని 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనే ఉందట. అప్పట్లో మాకెవరూ చెప్పలేదు.

పోయినేడాది రెండూ కలిపి చూసే వార్డు దొరికింది. అక్కడికి బుధవారాలు ఒక మ్యూజిక్ థెరపిస్టు, అంటే సంగీతంతో చికిత్స చేసేవారు, వచ్చేవారు. పదకొండు రోజులుగా ఎవరితోనూ మాట్లాడని మా వాడి ముందు ఆమె ఒక డోలక్ పెట్టారు. చేతులు వణుకుతున్నాయి. ఎడమవైపు ఒక దెబ్బ వేసి ఆగిపోయాడు. తాళ్లకున్న రింగులు ఒక్కొక్కటే లాగి బిగించాడు. ‘వదులుగా ఉందండీ’ అన్నాడు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను.

అలాగని ఏ పాట పడితే ఆ పాట పెట్టడం కాదది. ఏ పాట వింటే తాగబుద్ధవుతుందో ఆమె ముందే అడిగి తెలుసుకున్నారు. ఊరేగింపు దరువు మొదలైతే చాలు, వాడికి నోరు పీకేది. అక్కడ కూలీలో సగం సీసానే కదా. అందుకే దాన్ని పక్కన పెట్టి, రామాలయం భజనల నెమ్మది తాళంతో మొదలుపెట్టారు. మాత్రలు మాత్రం ఒక్క పూట కూడా ఆపలేదు, బైపోలార్‌కి వాడే లిథియం మందు కోసం చేయించే రక్తపరీక్షలూ మానలేదు. మామూలు వైద్యానికి సంగీతం తోడైతే తాగాలన్న తహతహ తగ్గే అవకాశం ఉందని 2022లో కోక్రేన్ (వైద్య పరిశోధనలను కలిపి పరిశీలించే అంతర్జాతీయ సంస్థ) సమీక్షలో తేలిందని డాక్టరుగారు చెప్పారు.

ఆ థెరపిస్టు జీతం లేకుండా వచ్చేవారు. ఆమె ఊరు మారడంతో ఆ బుధవారాలు ఆగిపోయాయి. తమ్ముడు ఇప్పుడు ఇంట్లోనే ఉంటున్నాడు, తాగి ఏడు నెలలు దాటింది. చెకప్‌కి వెళ్లినప్పుడల్లా ‘మేడంగారు వస్తున్నారా?’ అని నర్సుని అడుగుతాడు. ఈ రెండు జబ్బులనూ కలిపి చూసే ప్రతి ప్రభుత్వ వార్డులోనూ మ్యూజిక్ థెరపిస్టుకి జీతంతో ఒక పోస్టు మంజూరు చేయాలని ఆరోగ్యశాఖను వేడుకుంటున్నాను.

– ఒక అక్క, తెనాలి
(పేరు వేయవద్దని మనవి)