చివికిన దర్వాజకు చెదల మందు

సంపాదకుడు గారికి,

నమస్కారం. వానకాలానికి ముందు ఇంటిని ఎట్లా చూసుకోవాలో చెబుతూ మీ ఆదివారం సంచికలో వచ్చిన వ్యాసం చదివాను. పైకప్పు, మోరీలు, కరెంటు తీగల సంగతి వివరంగానే రాశారు గానీ, కలప దగ్గరికి వచ్చేసరికి "చెదలు పట్టిన దర్వాజలకు వెంటనే మందు కొట్టించాలి" అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టారు. ఆ వాక్యానికి చిన్న సవరణ కోరుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను. పాడైన కలప కనబడితే చాలు, మన నల్లగొండ, మహబూబ్‌నగర్ వైపు అందరం చెదలు అనేస్తాం. అందులో కొంత చెదలు తిన్నదైతే, కొంత చివికిపోయినది. చెదలు పురుగు పని, చివుకు నీళ్ల పని. ఈ తేడా తెలియక నేను రెండేళ్ల కాలాన్ని, రెండు దఫాల మందు ఖర్చును, మా నాయన చేయించిన టేకు దర్వాజలో సగాన్ని పోగొట్టుకున్నాను.

నేను నీటిపారుదల శాఖలో వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసి రిటైరైనవాణ్ని. కాలువ కట్ట మీద నడుస్తూ ఎక్కడ ఊట పడుతున్నదో చెప్పగలిగిన నాకు సొంత ఇంట్లో ఊట కనబడలేదంటే నవ్వుతారు. మా ఇంట్లోవాళ్లు ఇప్పటికీ నవ్వుతూనే ఉన్నారు. మాది దేవరకొండకు దగ్గరి పల్లె. రాతి గోడలు, టేకు దర్వాజలు, వేప దూలాలు, పైన గూనపెంకులు. ఇంటింటికీ నల్లా వచ్చిన తరువాత వెనుక గదికి ఆనించి స్నానాల గది కట్టించుకున్నాం. మూడో ఏడాదికి ఆ గది దర్వాజ నిలువు చెక్కకు కడప దగ్గర రంగు పొంగి, అడ్డంగా సన్నని పగుళ్లు తేలాయి. చెదల మందు కొట్టే ఒక కంపెనీ మనిషిని పిలిస్తే, అతను చెక్కను చేత్తోనైనా ముట్టకుండా గోడ వెంట నేలలో రంధ్రాలు వేసి, మందు పోసి, అయిదేళ్ల గ్యారంటీ కాగితం నా చేతిలో పెట్టి వెళ్లాడు. ఏడాది తిరగకముందే రెండో నిలువు చెక్క కూడా మెత్తబడింది. ఫోన్ చేస్తే మళ్లీ వచ్చాడు, మళ్లీ అదే మందు పోశాడు. ఈసారి సగం ధర తీసుకోవడమే గ్యారంటీకి దక్కిన విలువ.

చివరికి మా ఊరి వడ్లాయన, అంటే వడ్రంగి, వచ్చి, అడగకముందే స్క్రూడ్రైవర్ తీసి చెక్కలో గుచ్చాడు. గోధుమరంగు పొడి రాలుతూ అది పిడి దాకా దిగింది. రంగు పెచ్చును లేపి చూస్తే, లోపలి చెక్క నిలువుగా, అడ్డంగా పగిలి, కాలి ఆరిన మొద్దు మీది బొగ్గు పలకల్లాగా చిన్న చిన్న చదరపు ముక్కలుగా విడిపోయి ఉంది. ఒక ముక్కను వేళ్ల మధ్య నలిపితే పసుపు కొమ్ము పొడిలాగా అయింది. మన్ను లేదు, పురుగు లేదు. ముక్కు దగ్గర పెట్టుకుంటే వానకాలపు పుట్టగొడుగు వాసన వచ్చింది. "సారూ, దీన్ని చెదలు తినలే. మీ నల్లా తిన్నది" అన్నాడాయన. స్నానాల గది గోడ పగలగొట్టించి చూస్తే, లోపలి పైపు అతుకు దగ్గర చుక్క చుక్కగా కారుతున్న నీరు రాతి సందుల గుండా దర్వాజ మొదలుకు చేరుతున్నది. అది రోజుకు ఒక చెంబెడు కూడా ఉండదేమో గానీ, మూడేళ్లు ఆగకుండా కారింది.

ఆయన మాటను నమ్మినా లెక్క చూసుకోవడం నా వృత్తి దోషం. చెక్కలోపలి నుంచి తీసిన ముక్కను కిరాణా దుకాణం కాటా మీద తూచితే 62 గ్రాములు తూగింది. మా వీధి బేకరీ పొయ్యి చల్లారే వేళల్లో, బరువు ఇక తగ్గదు అనేదాకా మూడు రోజులు ఆరబెట్టి తూచితే 46 గ్రాములే వచ్చింది. పోయిన 16 గ్రాములు నీళ్లు. ఎండిన చెక్క బరువుతో పోల్చితే దాదాపు 35 శాతం. కలపలో తేమ 20 శాతం లోపు ఉన్నంతకాలం చివుకు పుట్టదని ఈ విషయం చదువుకున్నవాళ్లందరూ చెప్పే మాట. నీడలో ఆరిన కలపలో మన ప్రాంతంలో మామూలుగా 10, 12 శాతం దగ్గరే తేమ ఉంటుంది. ఏడాదికి సుమారు 600 నుంచి 750 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడే దక్షిణ తెలంగాణలో ఒట్టి గాలి చెమ్మకు టేకు చివకదు. కాబట్టి మన దగ్గర ఒక దర్వాజో దూలమో చివికిందంటే, ఎక్కడి నుంచో దానికి నీరు అందుతున్నదని అర్థం. ఆ నీటిని వెతకకుండా మందు పోయడం, తూము తెరిచి ఉంచి కట్టకు మన్ను పోసినట్టు ఉంటుంది.

చివుకు అనేది ఒక రకం బూజు, అంటే శిలీంధ్రం. అది చెక్కలోని సెల్యులోజును తిని, దానికి ముదురు రంగునిచ్చే లిగ్నిన్‌ను చాలావరకు వదిలేస్తుంది. అందుకే మిగిలిన చెక్క గోధుమరంగుకు తిరిగి, కుంచించుకుపోయి, చదరాలుగా పగులుతుంది. ఇంగ్లీషులో దీన్ని డ్రై రాట్ అంటారనీ, గోడలోకి పాకుతుందనీ ఇంటర్నెట్ వీడియోల్లో చూసి, మా బంధువొకరు ఒక దర్వాజ కోసం గది నాలుగు గోడల గిలాబు చెక్కించారు. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ పేరుకు అసలు హక్కుదారు సెర్పులా లాక్రిమాన్స్ అనే శిలీంధ్రం. అది చలిదేశాలది, బ్రిటన్, ఉత్తర ఐరోపా ఇళ్లకు పెద్ద పీడ. హిమాలయాల అడవుల్లో కూడా కనిపించింది. దారాల్లాంటి పోగులు సాగించి, ఇటుక గోడను దాటి, తనతోపాటు నీటిని మోసుకుపోగల గుణం దానికి ఉంది. కానీ అది 20 డిగ్రీల దగ్గర బాగా పెరిగి, 26, 27 డిగ్రీలు దాటితే పెరుగుదల ఆపేస్తుంది. మే నెలలో 43, 44 డిగ్రీలు చూసే నల్లగొండలో దానికి బతుకు లేదు. మన ఇళ్లలో కనిపించేది దాని దాయాది శిలీంధ్రాలే. అవి తడి ఉన్న చోటనే ఉంటాయి, తడి ఆగితే ఆగుతాయి. అందువల్ల గోడలు చెక్కించుకోవలసిన అవసరం మనకు లేదు, తడి మూలం దొరికితే సగం పని అయినట్టే. అయితే ఆగిన బూజు చచ్చినట్టు కాదు. మళ్లీ తడి తగిలితే మళ్లీ లేస్తుంది.

చెదలను గుర్తుపట్టడం దీనికంటే సులువు. గోడ మీద, చెక్క మీద మట్టి బాటలు కడతాయి. చెక్కలోని మెత్తని పొరలను నిలువునా తిని, గట్టి పొరలను పుస్తకం పేజీల్లాగా వదిలి, మధ్యలో మన్ను నింపుతాయి. మంచాలకు, కిటికీ రెక్కలకు గుండుసూది తలంత రంధ్రాలు పడి కింద పిండి రాలుతుంటే అది ఇంకో రకం పురుగు. దానికి చెదలతోనూ చివుకుతోనూ సంబంధం లేదు. చిక్కేమిటంటే, చివికిన చెక్క చెదలకు ఇష్టం. చాలాసార్లు చివుకు ముందు వస్తుంది, చెదలు వెనుక వస్తాయి. చూసినవాడికి చెదలే కనబడతాయి. అటువంటి చోట మందు తప్పనిసరే, కానీ ఒక్క మందే చాలదు. కట్టిన ఇళ్లలో చెదల నివారణకు భారతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ 6313 మూడో భాగం ఇచ్చింది. కలపను కాపాడుకోవడానికి ఐఎస్ 401 అని వేరే ప్రమాణం ఇచ్చింది. చెదలు, చివుకు రెండు వేరు జబ్బులు. గ్యారంటీ కాగితం మీద ఏ జబ్బుకు వైద్యం చేశారో రాయించుకోవడం ఇంటివారి హక్కు.

మరమ్మతు విషయంలో నేను నేర్చుకున్నది ఇది. పైపు అతుకు సరిచేశాక వడ్లాయన వెంటనే కొత్త చెక్క పెట్టనివ్వలేదు. ఫిబ్రవరి నుంచి మే దాకా ఆ మూలను తెరిచి పెట్టించాడు. గోడకు కింది వైపు సిమెంటు గిలాబు లోపలి చెమ్మను బయటికి పోనీయడం లేదని ఒక గజం ఎత్తు వరకు కొట్టేయించి, తరువాత సున్నం గిలాబు వేయించాడు. అంతకుముందు ఏటా తెల్లగా పొంగే చవుడు ఆ తరువాత రాలేదు. తడి చెక్కకు ఆయిల్ పెయింటో కాలిన ఇంజిన్ ఆయిలో పూయడం మన వాడుక. అది నీటిని లోపల పెట్టి మూత వేయడమే. నా దర్వాజకు ఏటా దసరాకు నేను చేసిన ఉపకారం అదే. జూన్ మొదట్లో చివికిన భాగాన్ని, దాని పైన గట్టిగా కనిపించిన జానెడు చెక్కతో సహా ఏటవాలుగా కోసి, అదే వాలులో కొత్త టేకు ముక్కను అతికాడు. కోసిన రెండు ముఖాలకు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లు రెండు పూటలు పట్టించాడు. ఇవి చివుకుకూ పురుగుకూ రెండింటికీ పనికొస్తాయి గానీ నీటికి కరిగి పోతాయి కనుక నేలను ఆనే చెక్కకు నిలవవు. అందుకని కొత్త చెక్క నేలను తాకకుండా కింద ఒక షాబాదు బండ ముక్క పెట్టాడు. ఆ కొత్త ముక్కను ఎంచేటప్పుడు అడితిలో ఆయన పట్టిన పట్టు కూడా చెప్పాలి. ఇప్పుడు దొరికే సన్న టేకులో అంచున తెల్ల చెక్క ఎక్కువ. చేవ ఉన్న టేకు ఎంత గట్టిదో, తెల్ల చెక్క అంత పేలవం. టేకు అని పేరున్నంత మాత్రాన అది చివుకుకు ఆగదు. నాలుగు ముక్కలు తిప్పి చూసి, అయిదోది తీసుకున్నాడు.

దర్వాజ పోతే తలుపే పోతుంది. దూలం పోతే ఇల్లు పోతుంది. 2020 అక్టోబరులో వాయుగుండం వచ్చినప్పుడు మా పక్కింట్లో గూనపెంకులు జరిగి, దూలం కొస గోడలో దిగే చోట నీళ్లు పడ్డాయి. పెంకులు సర్దారు గానీ గోడలోపలి చెక్కను చూడలేదు. రెండేళ్లకు దూలం నడుమ ఏ లోపమూ లేకుండానే కొస ఒక అంగుళం కిందికి దిగింది. దూలం చివకడం ఎక్కువగా కొస నుంచే, గోడ లోపలి నుంచే మొదలవుతుంది. బయట కనిపించే భాగం తళతళలాడుతూనే ఉంటుంది. ఏటా ఒకసారి నిచ్చెన వేసి, సుత్తి పిడితో దూలం నడుమ, కొస దగ్గర తట్టి చూస్తే, గట్టి చెక్క ఖణేల్మంటుంది, చివికినది గుల్లగా పలుకుతుంది. అటువంటి దూలాన్ని కోయడానికి ముందు రెండు వైపులా గుంజలు ఆసరా పెట్టకుండా ఎవరినీ ముట్టనివ్వకూడదు. మా పక్కింటివారు కొసను కోసి ఇనుప ఛానెల్ ముక్కల మధ్య బిగించి, గోడలో దూలం చుట్టూ వేలెడు ఖాళీ వదిలారు. ఆ ఖాళీలో గాలి ఆడడమే దానికి మందు.

ఇక ఇంటివారి చేతిలో లేని రెండు సంగతులు. ఊళ్లలో పాత సిమెంటు రోడ్డు తీయకుండా దాని మీదనే కొత్తది పోస్తూ పోవడంతో, ఒకప్పుడు రెండు మెట్లు ఎక్కి వెళ్లే ఇళ్లకు ఇప్పుడు మెట్టు దిగి వెళ్లవలసి వస్తున్నది. వీధి నీళ్లు కడపను ఆని నిలుస్తున్నాయి. మోరీ మట్టం కడప కంటే కిందికి ఉండేలా చూడమని గ్రామ పంచాయతీల దృష్టికి మీరు తీసుకురావచ్చు. రెండోది పాలమూరు వలస. దేవరకొండ నుంచి నారాయణపేట దాకా ముంబయికీ, పుణెకూ, హైదరాబాద్‌కూ పనికి పోయిన కుటుంబాల ఇళ్లు ఏడాదిలో ఎనిమిది నెలలు తాళాలతో ఉంటాయి. ఒక పెంకు జరిగినా చెప్పేవారు ఉండరు. మూసిన గదిలో తడి ఆరే దారి ఉండదు. వాళ్లు తాళంచెవి పక్కవాళ్లకు ఇచ్చి, పెద్ద వాన పడిన మరునాడు ఒక గంట తలుపులు తీసి పెట్టమని చెప్పిపోతే, పైన చెప్పిన మరమ్మతుల్లో చాలా వాటి అవసరం రాదు.

మీ పత్రిక వచ్చే నెలలో ఇళ్ల మరమ్మతుల మీద మరొక వ్యాసం వేస్తే, చెదలు తిన్న చెక్కను, పిండి పురుగు తొలిచిన చెక్కను, చివికిన చెక్కను పక్కపక్కన పెట్టి, రంగుల్లో, చేతి వేళ్లు కూడా కనిపించేటంత దగ్గరగా తీసిన ఫోటో ఒకటి వేయవలసిందిగా కోరుతున్నాను. చదువు రానివారు కూడా దాన్ని చూసి తమ దర్వాజతో పోల్చుకోగలుగుతారు. అందుకు పనికొస్తాయని మూడు ముక్కలను ఈ ఉత్తరంతోపాటు పంపుతున్నాను. మూడోది మా దర్వాజదే. ప్లాస్టిక్ సంచిలో పెడితే చెమ్మ పట్టి దారిలోనే ఇంకా చివుకుతుందని పాత పేపర్లో చుట్టాను. పొడి రాలుతుంది కనుక మీ బల్ల మీద కాకుండా ఒక పళ్లెంలో విప్పగలరు.

ఇట్లు,
మీ పత్రిక పాఠకుడు,
దేవరకొండ మండలం, నల్లగొండ జిల్లా