కాలువ నీళ్లు తెచ్చిన మర్యాద

చిట్టితల్లికి,

అమ్మ ఆశీస్సులు. ఆదివారం ఫోనులో నువ్వు అడిగినదానికి అప్పుడే జవాబు చెప్పలేకపోయాను. పక్కనే మీ నాన్నగారు క్రికెట్ చూస్తూ అంపైరు కన్నా ముందే తీర్పులిస్తున్నారు. అయినా ఇలాంటి సంగతులు నాకు కాగితం మీదే కుదురుగా వస్తాయి. చిన్నప్పుడు మీ ఇంట్లో ఆశ ఎలా ఉండేది, మీ ఊరు నీకు ఏ విలువలు ఇచ్చింది అని నీ కౌన్సెలర్ రాసుకురమ్మన్నారని చెప్పావు. మంచి ప్రశ్న. ఎక్కడో బెంగళూరులో ఉన్నావిడకు మన ఊరి గురించి అడగాలని తోచినందుకు ఆవిడ మీద గౌరవం కలిగింది. ఆవిడ దగ్గరకు వెళ్లడం మాత్రం మానకు.

ముందు ఆశ సంగతి. 1996 నవంబరు 6 రాత్రి తుపాను వచ్చేనాటికి నువ్వింకా బడిలో చేరలేదు. తెల్లవారేసరికి కోనసీమలో లక్షల కొబ్బరి చెట్లు నేలకొరిగి ఉన్నాయి. వెయ్యిమందికి పైగా పోయారు. వేటకు వెళ్లిన మత్స్యకారుల్లో ఎందరో తిరిగి రాలేదు. మన తోటలో నిలబడ్డ చెట్లకు కూడా మొవ్వులు విరిగిపోయాయి. ఆ చలికాలం దాటకుండానే మీ తాతయ్య గోతులు తీయించి మొక్కలు వేయించారు. నాటు రకం కొబ్బరి కాపు మొదలవడానికే ఆరేడేళ్లు పడుతుంది. నిండు కాపు అందుకోవడానికి మరికొన్నేళ్లు. ఆయనకు అప్పటికే డెబ్బై దాటాయి. ఇవి ఎవరికోసమండీ అని ఆయన్ను ఒక్కరూ అడగలేదు, ఎందుకంటే అడగవలసినవాళ్లు కూడా తమ తోటల్లో గోతులు తీయిస్తున్నారు.

ఇది విని తాతయ్య గొప్ప ఆశావాది అనుకునేవు. రోజంతా సణుగుడే. నష్టపరిహారం రాసుకోవడానికి వచ్చినవాళ్లను తిట్టేవారు, మొక్క అమ్మినవాణ్ణి తిట్టేవారు, ఇక ఈ సీమ కోలుకోదని అరుగు మీద కూర్చుని అందరికీ చెప్పేవారు. చెబుతూనే మొక్కలకు నీళ్లు పెట్టించేవారు.

నువ్వు చెప్పిన స్నైడర్ అనే అమెరికా మనస్తత్వవేత్త మాటలు గుర్తొచ్చాయి. చేరాలనుకునే చోటు, అక్కడికి వెళ్లే దారులు, ఆ దారుల్లో నడవగలనన్న నమ్మకం, ఇవన్నీ కలిస్తేనే ఆశ అన్నాడు కదా. దాన్ని కొలవడానికి పన్నెండు వాక్యాల ప్రశ్నపత్రం కూడా తయారు చేశాడన్నావు. దాన్ని తాతయ్య చేతికి ఇచ్చి ఉంటే నమ్మకం దగ్గర ఆయనకు మార్కులు రావు, తప్పేవారు. కానీ దారి ఆయన వెతుక్కోవలసిన పని లేకపోయింది. గొయ్యి ఎంత లోతు తీయాలి, మంచి మొక్క ఎక్కడ దొరుకుతుంది, కాపు వచ్చేదాకా మధ్యలో అరటీ కందా వేసుకుని ఎలా గడుపుకోవాలి, ఇవన్నీ ఊరికి తెలుసు. ఆయన మనసు డీలాపడినా ఆయన పని ఆగలేదు. నీకు బెంగళూరులో అలాంటి దారి ఎవరూ వేసి పెట్టలేదు. అద్దె ఇల్లు, ఉద్యోగం, స్నేహాలు, చివరికి పండగ ఎలా చేసుకోవాలన్నది కూడా ఒక్కదానివే కనిపెట్టుకోవాలి. నీ అలసటలో సగం అక్కడిదేనని నా అనుమానం. మీ కౌన్సెలర్ ఏమంటారో అడుగు.

అయితే ఆశంటే ఎప్పుడూ నాటుతూ పోవడమే అనుకోకు. 2011 సార్వాకు, అంటే వానాకాలం వరికి, ఇదే కోనసీమ రైతులు నారు పోయకుండా పంట విరామం ప్రకటించారు. పెట్టుబడికీ ధరకూ పొంతన లేదు, మురుగు కాలువలు పూడిపోయి చేలు మునుగుతున్నాయి, ఇలా పండించి నష్టపోవడం కన్నా పొలం ఖాళీగా ఉండనివ్వడం మేలన్నారు. భూమిని బీడు పెట్టడం అరిష్టమని నమ్మే ముసలివాళ్లు కూడా అప్పుడు ఊరితోపాటు నిలబడ్డారు. ఆ ఉద్యోగంలో ఇంకో ఏడాది ఉండాలా వద్దా అని నువ్వు తల పట్టుకున్నప్పుడల్లా నాకు ఆ ఖాళీ చేలు గుర్తొస్తాయి. మానేస్తే ఓడిపోయినట్టేనని నీకు చెప్పింది ఎవరో కానీ, ఈ ఊరు మాత్రం కాదు.

ఇక విలువలు. ఇక్కడ అందరూ చెప్పేది ఒకటుంది: అతిథి మర్యాద మన రక్తంలోనే ఉందని. ముప్పై ఏళ్లు బడిలో సాంఘికశాస్త్రం చెప్పినదాన్ని, నాకు ఆ మాట మింగుడుపడదు. మర్యాద రక్తంలో లేదు, కాలువలో ఉంది. 1830లలో ఈ జిల్లా కరువులతో అల్లాడింది. 1839లో ఉప్పెన కోరంగి రేవును ముంచేసింది. పక్కనే అంత పెద్ద గోదావరి, చేలకు మాత్రం వాన చుక్కే దిక్కు. కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలుపెట్టి 1852కు ముగించాడు. ఆయన పక్కన వీణెం వీరన్న అనే తెలుగు ఇంజనీరు ఉన్నాడు. కాటన్ విగ్రహాలకు వేసే దండల్లో ఒకటైనా ఆయనకు వేయకపోవడం నాకు ఎప్పుడూ గుచ్చుకుంటుంది. సరే, ఆ కాలువలు పారాకే ఇంట్లో గింజలు మిగిలాయి. గింజలు మిగిలాకే వీధిలో పోయేవాణ్ణి పిలిచి భోంచేసి వెళ్లండి అనే గొంతు వచ్చింది. మనం సంస్కృతి అంటున్నదానిలో చాలా భాగం నూట డెబ్బై ఏళ్ల నాటి నీటి పారుదల పని. దీనివల్ల దాని విలువ తగ్గుతుందని నేననుకోను. మనుషులు కట్టుకున్నదే కనక మరమ్మతు చేసుకోవచ్చు, అక్కర్లేని భాగం పడగొట్టుకోవచ్చు.

మరి గింజలు మిగిలిన ప్రతి ఇంట్లోనూ అన్నం పెట్టారా? లేదు. డొక్కా సీతమ్మ అయినది ఒక్కరే. 1841లో మండపేటలో పుట్టి, లంకల గన్నవరం కోడలిగా వచ్చి, 1909లో పోయేదాకా వేళాపాళా చూడకుండా, కులం అడక్కుండా వండిపెట్టింది. లంకల మధ్య ఏరు దాటివచ్చిన బాటసారి అర్ధరాత్రి తలుపు తట్టినా పొయ్యి రాజేసేదట. ఏడో ఎడ్వర్డు పట్టాభిషేకానికి ఆవిడను పిలిచారని, వెళ్లనంటే ఫొటో తెప్పించుకున్నారని చెబుతారు. నాకు ఆ రాజు సంగతి కన్నా ఆ పొయ్యి సంగతే ముఖ్యం. గోదావరి పాయ వైనతేయ మీద కట్టిన అక్విడక్టుకు, అంటే ఏటి మీదుగా కాలువను దాటించే వంతెనకు, ఆవిడ పేరు పెట్టారు, 2024 నుంచి బడుల్లో మధ్యాహ్న భోజనానికీ ఆవిడ పేరే. ఊరు అవకాశం ఇచ్చింది, దాన్ని విలువగా మార్చుకున్నది మాత్రం ఆ ఒక్క మనిషి. నీ కాగితం మీద 'మా ఊరి విలువలు' అని రాసే ముందు ఈ తేడా చూసుకో. ఊరు ఇచ్చినదేదో, అందులోంచి నువ్వు ఎంచుకున్నదేదో విడివిడిగా రాయి.

నువ్వు పంపిన వ్యాసం కూడా చదివాను. మార్కస్, కితయామా అనే మనస్తత్వవేత్తలు 1991లో రాసినదాని గురించి ఉంది. అమెరికా లాంటి చోట మనిషి తనను విడిగా చూసుకుంటాడు, ఆసియా దేశాల్లో నలుగురితో ముడిపడినవాడిగా చూసుకుంటాడు, అందుకే సంతోషం, సిగ్గు, ఆత్మగౌరవం అన్నీ వేరుగా ఉంటాయన్నది వాళ్ల వాదన. చాలావరకు నిజమే. నువ్వు మొదటి జీతంతో ముందు ఎవరికి ఏమి కొన్నావో చూస్తే తెలుస్తుంది. కానీ వాళ్లు దాళ్వాలో, అంటే రెండో పంట వేళ, మన పంట కాలువ మీదకు వచ్చి చూడాలి. ఎగువ రైతు తూము మూయడు, శివారు చేను నెర్రెలు విచ్చుతుంది. ఇద్దరూ ఒకే గుడికి వెళతారు, ఒకే పెళ్లిలో పక్కపక్కన కూర్చుని భోంచేస్తారు. మన కలివిడితనం చాలాసార్లు తూము దగ్గర ఆగిపోతుంది. కొన్నిసార్లు కులం దగ్గర ఆగిపోతుంది. 2022 మేలో మన కోనసీమ జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టవద్దని జరిగిన గొడవల్లో అమలాపురంలో మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టారు. సీతమ్మగారి పేరు చెప్పుకునే సీమలోనే అది జరిగింది. మన సంస్కృతి అని రాసేటప్పుడు ఇదీ రాయి, దాచకు. మీ కౌన్సెలర్ ఏమీ అనుకోరు.

మన వెటకారం సంగతి మరిచిపోయాను! వరద నీళ్లు అరుగెక్కితే 'గోదారమ్మ మనింటికే వచ్చింది, మనం పుష్కరాలకు వెళ్లక్కర్లేదు' అని నవ్వగలిగిన మనుషులు మనవాళ్లు. 1986 వరదలో గట్టు మీద గుడారాల్లో కూడా నవ్వులు వినిపించాయి. ఆ నవ్వు లేకపోతే చాలామంది మతి తప్పేవాళ్లు. అదే నోరు పదో తరగతి తప్పిన పిల్లాణ్ణి, పెళ్లి కాని ఆడపిల్లను వదలదు. పెద్ద గొంతుతో మర్యాదగా 'అండీ' అంటూనే కోస్తుంది. నీలో ఆ రెండూ ఉన్నాయి. ఎదుటివాళ్ల మీద వాడే వెటకారం మంచిదే, కానీ ఈమధ్య ఫోనులో నీ మీద నువ్వే వేసుకుంటున్నావు. అది నాకు నచ్చడం లేదు.

అన్నట్టు, పెద్దమ్మ రాజోలు వైపు నుంచి ఒక సంబంధం తెచ్చింది. అబ్బాయి మంచివాడే అంటున్నారు. నువ్వు కౌన్సెలర్ దగ్గరకు వెళుతున్న సంగతి వాళ్లకు తెలియనివ్వవద్దని పెద్దమ్మ నాకు గట్టిగా చెప్పింది. ఎందుకు తెలియకూడదు అన్నాను. నలుగురూ ఏమనుకుంటారు అంది. తుపాను తర్వాత మనకు ఇంటి కప్పు వేసింది ఆ నలుగురే, వాళ్లు ఏదైనా అనుకుంటే నేను వెళ్లి మాట్లాడతాను అన్నాను. అప్పటినుంచి ఆవిడ నాతో ముక్తసరిగా ఉంది. పర్వాలేదు, సంక్రాంతికి అరిసెల పాకం చూడటానికి నన్నే పిలవాలి.

కాబట్టి నాకు ఒక సంగతి తేల్చి చెప్పు. ఈ సంబంధం గురించి మాట్లాడాలని నీకు ఉందా లేదా? ఉంటే కౌన్సెలర్ సంగతి వాళ్లకు ముందుగానే చెబుదాం, దానికి వెనకాడేవాళ్లయితే వాళ్ల ఇల్లు మనకు వద్దు. లేకపోతే ఒక్క ముక్క రాయి, పెద్దమ్మకు కారణం చెప్పకుండానే వద్దని చెబుతాను. వచ్చే వారం వాళ్లు కబురు చేస్తారట, అంతకు ముందే నీ జవాబు రావాలి.

మీ అమ్మ